ఆత్రేయపురం పూతరేకుల జీఐ: ఆథరైజ్డ్ యూజర్‌గా మా అత్తయ్య పేరు ఎక్కించుకున్న కథ (నా అనుభవం)

ఆత్రేయపురం పూతరేకులకి జీఐ, అంటే ఒక ఊరి పేరుతో ప్రసిద్ధమైన వస్తువుకి ఇచ్చే భౌగోళిక గుర్తింపు, వచ్చిందని 2023 జూన్‌లో పేపర్లో పడ్డప్పుడు మా ఇంటికి ఫోన్లే ఫోన్లు. హైదరాబాద్‌లో చుట్టాలు, అమెరికాలో మా మరిది ఫ్రెండ్సు, అందరిదీ ఒకటే మాట, ఇంక మీరు తప్ప పూతరేకులు ఎవరూ చెయ్యకూడదంట కదా, మీ పంట పండిందిగా అని. మా ఆయన కూడా కొన్నాళ్ళు అలాగే అనుకున్నాడు. అదేం కాదు. పూతరేకులు ఎవరైనా ఎక్కడైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, దానికి ఆత్రేయపురం పేరు తగిలించి అమ్మడం దగ్గరే చట్టం అడ్డం వస్తుంది. ఇంకో సంగతి చాలామందికి ఇప్పటికీ తెలీదు, మనం ఆత్రేయపురంలోనే పుట్టి పెరిగి ఇక్కడే పొయ్యి వెలిగించుకుంటున్నా సరే, జీఐ వచ్చినంత మాత్రాన దాని లోగో మన డబ్బా మీదకి రాదు, ఎవరికి వాళ్ళు విడిగా అప్లై చేసుకోవాలి. అలా పేరు ఎక్కించుకున్నవాళ్ళని ఆథరైజ్డ్ యూజర్ అంటారు. నేను రాసేది ఆ అప్లికేషన్ గురించే, ఎందుకంటే నేను వెతికినప్పుడు తెలుగులో ఒక్క ముక్క దొరకలేదు.

ముందు లెక్క ఎలా ఉంటుందో చెప్తా. చెన్నై గిండీలో జీఐ రిజిస్ట్రీ ఉంది, దేశం మొత్తానికి అదొక్కటే. వాళ్ళ రిజిస్టర్‌లో రెండు భాగాలు, పార్ట్ ఏ, పార్ట్ బి. పార్ట్ ఏ లో వస్తువు పేరు, దానికి రిజిస్టర్డ్ ప్రొప్రయిటర్ ఎవరు అనేది ఉంటుంది. మన పూతరేకులకి సర్ ఆర్థర్ కాటన్ పేరు మీద పెట్టుకున్న తయారీదారుల సంఘం అది, 2021 డిసెంబర్‌లో అప్లై చేశారు, 2023లో వచ్చింది. పార్ట్ బి లో ఆ పేరు వాడుకునే హక్కున్న మనుషుల పేర్లు ఉంటాయి. మన పని పార్ట్ బి తో. ప్రొప్రయిటర్ అన్నారు కదా అని సంఘం వాళ్ళ సొంతం అనుకోకండి, జీఐ అనేది ఊరి చెరువు లాంటిది, ఎవరో ఒకళ్ళు కాపలా ఉంటారు గానీ నీళ్ళు ఊళ్ళో అందరివీ, అమ్మడానికి వీల్లేదు, తాకట్టు పెట్టడానికీ వీల్లేదు. ఇది నా మాట కాదు, 1999 నాటి జీఐ చట్టంలో 24వ సెక్షన్ ఇదే చెప్తుంది.

మాది పెద్ద షాపేం కాదు. రోడ్డు మీద ఇంటి ముందు గది, అందులో కౌంటరు, ఆర్డర్ల మీద కొరియర్లు. కొన్నేళ్ళ కిందటి వరకు అదీ లేదు, మా అత్తయ్య రేకులు తీసి షాపులవాళ్ళకి వేసేది, అంతే. మన ఊళ్ళో తెలిసిన విషయమే కానీ బయటవాళ్ళ కోసం చెప్తున్నా, రేకులు తీసేవాళ్ళు వేరు, చుట్టేవాళ్ళు వేరు, అమ్మేవాళ్ళు వేరు. తీసేది దాదాపు అందరూ ఆడవాళ్ళే, ఇళ్ళల్లో, పెరట్లో పాక కింద. చుట్టేది షాపుల్లో. డబ్బా మీద పేరు షాపు ఓనరుది.

మా అత్తయ్య పని చూస్తే మీకు అర్థమవుతుంది నేను ఎందుకు అంత పట్టుబట్టానో. కుండ మామూలు కుండ కాదు, రేకుల కోసమే చేయిస్తారు, అడుగు గుండ్రంగా నున్నగా ఉంటుంది, మంట పెట్టడానికి ఒక పక్క పెద్ద కన్నం. దాన్ని పొయ్యి మీద బోర్లించి లోపలికి ఎండు కొబ్బరాకు తోస్తూ ఉంటుంది. కట్టె పెట్టొచ్చు కదా అంటే కట్టె మంట ఒక్కచోటే తగులుతుంది, రేకు అక్కడ మాడి ఇక్కడ పచ్చిగా ఉంటుంది అంటుంది. జయ బియ్యం నానబెట్టి రుబ్బి నీళ్ళలా జారుగా కలిపిన పిండి పక్కన పళ్ళెంలో. పల్చటి గుడ్డ రెండు కొసలు పట్టుకుని ఆ పిండిలో తడిపి కాగిన కుండ మీద ఇలా వేసి అలా లాగేస్తుంది, లాగడం అయ్యేలోపే రేకు తయారైపోతుంది, అంచు సన్నగా పైకి లేస్తుంది, దాన్ని వేళ్ళతో పట్టుకుని ఒక్క చిరుగు లేకుండా ఒలిచేసి పక్కన దొంతర మీద పెడుతుంది. మధ్యమధ్యలో నూనె గుడ్డతో కుండని ఒక తుడుపు. నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో ట్రై చేశా, గుడ్డ కుండకే అంటుకుపోయింది, మా అత్తయ్య నవ్వి "నువ్వు లెక్కలు చూసుకో అమ్మాయ్" అంది. నేను బీకాం. అప్పటినుంచి లెక్కలు, కాగితాలు నావే.

సరే, అప్లికేషన్ అనగానే మా ఇంట్లో మొదటి ప్రశ్న, ఎవరి పేరు మీద? మా ఆయన పేరు మీదే అని మా ఆయన. ఫుడ్ లైసెన్సు ఆయన పేరు, బ్యాంకు అకౌంటు ఆయన పేరు, కరెంటు బిల్లు కూడా ఆయన పేరే, కాబట్టి ఈజీ. చట్టప్రకారం ఆయనకీ అర్హత ఉంది, ఇది నాకు మా పిన్ని కూతురు చెప్పింది, అది విశాఖలో లా చదువుతోంది. ప్రొడ్యూసర్ అంటే ఎవరు అని 2వ సెక్షన్‌లో రాశారంట, తయారుచేసేవాళ్ళు, వాళ్ళతోపాటు ఆ వస్తువు వ్యాపారం చేసేవాళ్ళు కూడా ప్రొడ్యూసరే అని. అంటే జీవితంలో ఒక్కసారి కూడా కుండ ముట్టుకోనివాడు కూడా ప్రొడ్యూసరే. నాకు ఇక్కడే మండింది. చట్టం తయారుచేసేవాళ్ళని వద్దనలేదు, నిజమే, కానీ ఇద్దరికీ సమానంగా తలుపు తీసిపెడితే కాగితాలున్నవాడే ముందు దూరతాడు. కాగితాలు ఎవరి దగ్గరుంటాయి, షాపు ఓనర్ల దగ్గర. రేకులు తీసే ఆడవాళ్ళ దగ్గర ఆధార్ కార్డు తప్ప ఏముంటుంది.

అందుకే నేను అత్తయ్య పేరు మీద పెడదాం అన్నా. మా ఆయన ఏమీ అనలేదు గానీ మొహం మాడ్చుకున్నాడు, ఒక వారం అన్నం తింటూ ఫోన్ చూసుకోవడమే. అత్తయ్యేమో "నాకెందుకే ఇవన్నీ, కోర్టులూ గొడవలూ, వాడి పేరు పెట్టెయ్యి" అని. చివరికి ఆమెని ఒప్పించింది నేను కాదు, ఇంకో మాట. ఈ హక్కు అమ్ముకోలేం కదా మరి నా తర్వాత పోతుందా అని అడిగింది. పోదు అత్తయ్యా, యూజర్ చనిపోతే హక్కు వారసులకి వస్తుందని అదే 24వ సెక్షన్‌లో ఉంది అని చెప్పా. అప్పుడు సరే అంది. మా ఆడపడుచుకి కూడా వస్తుందా అని రెండోసారి అడిగింది. ఆ సంగతి తర్వాత చెప్తా.

ఈలోగా ఒక కన్సల్టెంట్ తగిలాడు. జీఐ లైసెన్సు ఇప్పిస్తా, గవర్నమెంటు ఫీజులు, చెన్నై ఖర్చులు అన్నీ కలిపి పదిహేను వేలు అన్నాడు. మన వీధిలో ఇద్దరు అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. అసలు ఆథరైజ్డ్ యూజర్ అప్లికేషన్ ఫీజు ఎంతో తెలుసా, 10 రూపాయలు. అక్షరాలా పది. 2020లో రూల్స్ మార్చి 500 నుంచి 10 కి తగ్గించారు, సర్టిఫికెట్‌కి కట్టే ఫీజు కూడా తీసేశారు. ఈ సంగతి నేను ఆ ఇద్దరికీ చెప్తే ఒకాయన అడ్వాన్సు వెనక్కి తెచ్చుకున్నాడు, రెండో ఆయన "పోనీలేమ్మా, ఆయనైతే తిరుగుతాడు కదా" అన్నాడు. తిరగడానికి ఏముందని, అంతా పోస్టులోనూ మెయిల్‌లోనూ అయ్యే పనే. అయితే ఆయన మాటలోనూ పూర్తిగా తప్పు లేదు, ఎందుకంటే ఖర్చంతా ఫీజులో ఉండదు, రుజువుల్లో ఉంటుంది.

ఫారం పేరు జీఐ-3. ఫారం చిన్నదే, పేరు, అడ్రసు, ఏ జీఐ కోసం, ఏ క్లాసు, ఇంతే. మన పూతరేకులది 30వ క్లాసు, మిఠాయిలూ కాఫీ టీలూ బిస్కెట్లూ అన్నీ వచ్చే క్లాసు. దాంతోపాటు స్టేట్‌మెంట్ ఆఫ్ కేస్ అని ఒకటి పెట్టాలి, నేను ఈ వస్తువు తయారుచేసే మనిషినే, ఎప్పటినుంచి, ఎలా చేస్తున్నాను అని రాయాలి, అది నిజమని అఫిడవిట్ ఇవ్వాలి. ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ. ఇదే అసలు పని.

ఆ స్టేట్‌మెంట్ రాయడానికి నేనూ అత్తయ్యా మధ్యాహ్నాలు కూర్చునేవాళ్ళం, రేకులు తీయడం అయిపోయాక. నేను ఇంగ్లీషులో రాసి తెలుగులో చదివి వినిపించేదాన్ని. మొదట నేను అందరూ రాసేదే రాశా, గోదావరి నీళ్ళ వల్లే ఈ రేకు ఇంత పల్చగా వస్తుంది, వేరేచోట రాదు అని. అత్తయ్య వెంటనే ఆపింది. "నీళ్ళేంటే, మీ వదిన కూకట్‌పల్లిలో మంజీరా నీళ్ళతో తియ్యట్లేదా, నీళ్ళు కాదు, చెయ్యి" అంది. నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఈ జీఐ వ్యవహారమంతా ఊరికీ వస్తువుకీ ఉన్న లంకె మీదే నిలబడి ఉంది, ఆ లంకె నీళ్ళదో మట్టిదో అయితే ఊరు దాటి పోదు, చేతిది అయితే పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన ప్రతి ఆడపిల్లతోనూ పోతుంది. మా పిన్ని కూతురికి ఫోన్ చేస్తే అది కంగారు పడలేదు. నీళ్ళే కానక్కర్లేదు అక్కా, చట్టంలో క్వాలిటీ, రెప్యుటేషన్, ఇంకేదైనా లక్షణం, వీటిలో ఏదో ఒకటి ఆ ఊరి వల్ల వచ్చిందని ఉంటే చాలు, ఆత్రేయపురం అంటే పూతరేకులు అని జనం నోట్లో ఉంది చూడు, అదే రెప్యుటేషన్ అంది. బంగినపల్లి మామిడిలాంటి వాటికి నేల, వాతావరణం అని చెప్పొచ్చు, 2010లో జీఐ వచ్చిన హైదరాబాద్ హలీంకి ఏ నేల చెప్తారు, వండే పద్ధతీ పేరే కదా. సో నీళ్ళ ముక్క తీసేసి, కుండ ఎలా ఉంటుంది, జయ బియ్యమే ఎందుకు, గుడ్డ ఎలా లాగాలి, పని ఎవరి దగ్గర నేర్చుకుంది, ఇవి రాశాం. నేర్చుకుంది వాళ్ళ మేనత్త దగ్గర. రాసింది చదివి వినిపిస్తే అన్నిటికీ తలూపింది గానీ, "పంచదార పొడి అని రాశావు, బెల్లం కూడా రాయి, ముందు నుంచీ ఉన్నది బెల్లమే" అని ఒక కరెక్షన్ ఇచ్చింది.

ఇంక రుజువులు. ఫోటోలు తీశాం, పొయ్యి దగ్గర, రేకు ఒలిచేటప్పుడు. ఆధార్. ఫుడ్ రిజిస్ట్రేషన్ అత్తయ్య పేరు మీద కొత్తగా తీసుకున్నాం, అది ఆన్‌లైన్‌లో అయిపోయింది. కానీ ఇన్నేళ్ళ నుంచి చేస్తోంది అనడానికి? షాపులవాళ్ళకి వేసిన రేకుల లెక్క అంతా నోటి మాటే, డబ్బులు చేతికే. ఆమె ఎన్నో ఏళ్ళు రేకులు వేసిన ఒక షాపు ఆయన్ని ఒక లెటర్ అడిగాం, ఫలానా ఆవిడ మాకు రేకులు సప్లై చేసేది అని రెండు లైన్లు. ఆయన మర్యాదగానే టీ ఇప్పించాడు, "అలాగే పిన్నిగారూ, తప్పకుండా ఇద్దాం" అన్నాడు, ఇవ్వలేదు. మళ్ళీ వెళ్ళినా అదే టీ, అదే మాట. నాకు తర్వాత అర్థమైంది, ఆయన డబ్బా మీద మా సొంత తయారీ అని ఉంటుంది. బయటి నుంచి రేకులు కొంటున్నట్టు రాతపూర్వకంగా ఎలా ఇస్తాడు పాపం.

దారి చూపించింది డ్వాక్రా. అత్తయ్య గ్రూపులో చాలా ఏళ్ళ నుంచి మెంబరు, ఒకసారి తీసుకున్న లోనుకి గ్రూపు పుస్తకంలో అవసరం అనే కాలమ్‌లో "పూతరేకుల తయారీ, కుండలు, బియ్యం" అని రాసి ఉంది. గ్రూపు లీడరు తన చేతిరాతతో రాసింది, కింద తేదీ, అందరి సంతకాలు. నేను ఆ పేజీ జిరాక్స్ తీయిస్తుంటే జిరాక్స్ షాపు కుర్రాడు "ఇదెందుకండీ" అన్నాడు, ఆస్తి కాగితం అని చెప్పా. ఈ ఒక్క ముక్క రేకులు తీసే వాళ్ళందరూ గుర్తుపెట్టుకోండి, మీ దగ్గర బిల్లులు లేకపోయినా డ్వాక్రా పుస్తకాల్లో, లోను కాగితాల్లో మీ పని ఎక్కడో రాసే ఉంటుంది.

అఫిడవిట్ నోటరీకి కొత్తపేట వెళ్ళాం. అక్కడ కోర్టు ఉంది కాబట్టి నోటరీలు దొరుకుతారు. ఆ లాయరుగారు కాగితం చదివి "మీవాడు రాలేదా" అని అడిగాడు. అప్లికెంటు ఈవిడేనండీ అంటే కళ్ళద్దాలు తీసి అత్తయ్య వైపు చూసి, "ఏమ్మా, ఇందులో ఏం రాశారో తెలుసా నీకు" అన్నాడు. అత్తయ్య ఊరుకుంటుందా, బియ్యం ఎంతసేపు నానబెట్టాలి అన్నదగ్గర మొదలుపెట్టి గుడ్డ దాకా చెప్పుకుంటూ పోయింది, వెనకాల లైన్లో ఉన్నవాళ్ళు కూడా వింటున్నారు, ఆయనే "చాలమ్మా చాలు" అని స్టాంపు కొట్టేశాడు. సంతకం మాత్రం బాగా ఆలోచించి పెట్టింది, మొత్తం ఇంటిపేరుతో.

తర్వాత సంఘానికి కాపీ. ఇక్కడ చాలామంది భయపడతారు, సంఘం ఒప్పుకోకపోతే ఎలా అని. నాకు తెలిసినంతలో సంఘం వాళ్ళ కన్సెంట్ లెటర్ జతచేస్తే పని సాఫీగా అవుతుంది, లెటర్ లేకపోతే అప్లికేషన్ కాపీ వాళ్ళకి పంపి పంపినట్టు రుజువు రిజిస్ట్రీకి చూపించాలి. అంటే వాళ్ళకి తెలియాలి, వాళ్ళ దయ అక్కర్లేదు. మేము రెండు పనులూ చేశాం, రిజిస్టర్ పోస్టులో కాపీ పంపి రసీదు దాచుకున్నాం, మనిషిని వెళ్ళి కూడా కలిశాం. వాళ్ళు మంచిగానే మాట్లాడారు, ఇంకా ఎంతమంది వేస్తే అంత మంచిది అన్నారు, లెటర్ ఇచ్చారు.

చెన్నైకి పంపాక ఇంక ఎదురుచూడటమే. కాగితాలు సరిగా ఉన్నాయో లేదో చూస్తారు, తర్వాత జీఐ జర్నల్‌లో వేస్తారు, వేసినప్పటి నుంచి 3 నెలల్లోపు ఎవరైనా అబ్జెక్షన్ పెట్టొచ్చు, కావాలంటే ఇంకో నెల గడువు అడగొచ్చు. జర్నల్ ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. అత్తయ్య పేరు అందులో కనిపించిన రోజు స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా మరిది "ఇదేంటి, అమ్మ గెజిట్ ఆఫీసరయిందా" అని. ఆ మూడు నెలలూ నాకైతే టీ ఇప్పించిన షాపు ఆయన మీద డౌటు, ఏమైనా పెడతాడేమో అని. పెట్టలేదు. ఈ అబ్జెక్షన్లు ఉత్తుత్తివి కావు, రసగుల్లా మాది అంటే మాది అని బెంగాల్, ఒడిశా ఎంత కొట్టుకున్నాయో తెలుసుగా, చివరికి 2017లో బంగ్లార్ రసగుల్లా అని వాళ్ళకి, 2019లో ఒడిశా రసగోలా అని వీళ్ళకి, రెండు వేర్వేరు పేర్లతో ఇద్దరికీ ఇచ్చారు. మన తిరుపతి లడ్డుకి 2009లోనే వచ్చింది, టీటీడీ ఒక్కటే చేస్తుంది కాబట్టి ప్రొడ్యూసర్ ఎవరనే ప్రశ్నే లేదు. మన పూతరేకుల్లాంటివాటికే ఈ తిరకాసు, ఒకే వస్తువు మీద పది చేతులు పడతాయి.

ఇప్పుడు ఆడపడుచు సంగతి. మా వదిన కూకట్‌పల్లిలో ఉంటుంది, చిన్నప్పుడే నేర్చుకుంది, బాగా తీస్తుంది కూడా, కానీ అపార్టుమెంటులో కొబ్బరాకు మంట పెట్టలేదు కదా, ఎప్పుడో ఊరి చివర తెలిసినవాళ్ళ స్థలంలో తీస్తుంది గానీ ఎక్కువగా ఇక్కడి నుంచే రేకులు బస్సులో వేయించుకుని అక్కడ నెయ్యీ బెల్లం జీడిపప్పూ పెట్టి చుట్టి అమ్ముకుంటుంది. తన డబ్బా మీద ఆత్రేయపురం పూతరేకులు అని ఉంది, ఎప్పటినుంచో. మరి అది ఇప్పుడు రైటా తప్పా? అత్తయ్యకి రాత్రిళ్ళు నిద్ర పట్టనిది దీని గురించే, నా హక్కు కాగితంతో నా కూతురి మీదే కేసు పడుతుందా అని.

నేను దీన్ని చాలామందిని అడిగా. చట్టం ఏమంటుందంటే, తయారుచేసే వస్తువైతే ఉత్పత్తి గానీ ప్రాసెసింగ్ గానీ తయారీ గానీ, ఏదో ఒక పని ఆ ప్రాంతంలో జరగాలి అంటుంది. ఏదో ఒకటి చాలంట. రేకు తీయడం ఇక్కడ జరిగింది కాబట్టి మా వదినది ఆత్రేయపురందే అని వాదించొచ్చు. కానీ ఇదే లాజిక్కు తిప్పితే? రేకులు ఎక్కడో తీయించి ఇక్కడికి తెచ్చి చుట్టి డబ్బాలో పెట్టినవాడు కూడా ఆత్రేయపురమే అవుతాడు. నాకు ఇది అస్సలు నచ్చలేదు, పూతరేకులో పని అంతా రేకులోనే ఉంది, చుట్టడం ఎవరైనా గంటలో నేర్చుకుంటారు. చుట్టేవాళ్ళకి కోపం రావొచ్చు, రానీ. పిన్ని కూతురు యూరప్ కేసు ఒకటి చెప్పింది, ఇటలీలో పార్మా హామ్ అని ఆరబెట్టిన పంది మాంసం ఉంటుంది, మాంసం పార్మాలోనే తయారైంది గానీ బ్రిటన్‌లో ముక్కలు కోసి ప్యాక్ చేసి సూపర్‌మార్కెట్‌లో పెడితే పార్మా వాళ్ళు కోర్టుకెళ్ళారు. కొయ్యడం, ప్యాకింగ్ కూడా మా దగ్గరే జరగాలని షరతు పెట్టుకోవడం న్యాయమే అని 2003లో యూరప్ కోర్టు చెప్పింది, కానీ ఆ షరతు అందరికీ తెలిసేలా ప్రకటించలేదు కాబట్టి ఈ కేసులో వీళ్ళ మీద చెల్లదు అంది. అంటే ముందే రాసిపెట్టుకున్నవాళ్ళదే గెలుపు. మన దగ్గర ఈ రేకులు తీసే చోటు, చుట్టే చోటు అనే విషయం సంఘంలో కూర్చుని తేల్చుకోవాల్సిన పని అని నా గట్టి అభిప్రాయం, ఎవడో పెద్ద కంపెనీ వచ్చి చెయ్యకముందే.

మా వరకు ఏం చేశామంటే, వదిన డబ్బా మీద ఆత్రేయపురం పూతరేకులు అనేది తీయించేశాం. ఇప్పుడు పెద్ద అక్షరాల్లో తన బ్రాండు పేరు, పూతరేకులు అని, కింద చిన్నగా రేకులు తీసినది ఆత్రేయపురంలో మా అమ్మ అని, అంతే. అమ్మకాలేం తగ్గలేదంట, పైగా ఎవరో అమ్మ ఫోటో కూడా వెయ్యొచ్చు కదా అన్నారంట.

సర్టిఫికెట్ వచ్చింది. అత్తయ్య పేరు, జీఐ పేరు, నంబరు. ఇక్కడ ఒకటి గమనించండి, యూజర్ రిజిస్ట్రేషన్ 10 ఏళ్ళు గానీ, అసలు జీఐ గడువు తీరే తేదీ గానీ, ఏది ముందైతే అప్పటివరకే. అసలు జీఐకి తేదీ అప్లై చేసిన రోజు నుంచి లెక్క, అంటే 2021 డిసెంబర్ నుంచి, సో మనం ఎంత లేటుగా తీసుకున్నా 2031లో అందరం కలిసి రెన్యువల్‌కి వెళ్ళాల్సిందే. సంఘం ఆ తేదీ మర్చిపోతే పార్ట్ బి లో ఉన్న మనందరి పనీ అంతే, కాబట్టి దాని మీద ఒక కన్నేసి ఉంచాలి.

మరి లాభం ఏంటి అని అడుగుతారు. డబ్బా మీద జీఐ లోగో వేశాం, 2018లో కేంద్రం తెచ్చిన ఉమ్మడి లోగో. కొరియర్ ఆర్డర్లు ఇచ్చేవాళ్ళలో బయటి రాష్ట్రాల వాళ్ళు దాన్ని చూసి అడుగుతున్నారు, మన జిల్లావాళ్ళు అస్సలు పట్టించుకోరు, వాళ్ళకి నెయ్యి వాసన చాలు. రేటు పెద్దగా పెంచలేకపోయాం. హైవే మీద ఆత్రేయపురం బోర్డులు పెట్టి అమ్మేవాళ్ళు అలాగే అమ్ముతున్నారు, ఆన్‌లైన్‌లో ఆత్రేయపురం స్టైల్ పూతరేకులు అని ఒకటి మొదలైంది. ఈ స్టైల్ అనే మాట పెద్ద సందు. వైన్లకీ విస్కీలకీ అయితే అంతర్జాతీయ ఒప్పందంలోనే స్టైల్ అనీ టైప్ అనీ పెట్టినా కుదరదని ఉంది, మిగతా తిండి వస్తువులకి మాత్రం కొనేవాళ్ళు మోసపోతున్నారని మనం చూపించాలి. తాగేవాటికి ఉన్న విలువ తినేవాటికి లేదు, ఏం చేస్తాం. కేసు వేసే హక్కు ఆథరైజ్డ్ యూజర్‌కి కూడా ఉంది, అంటే మా అత్తయ్య వెయ్యొచ్చు, చట్టంలో జైలూ జరిమానా రెండూ ఉన్నాయి, కానీ రేకులు తీసుకునే మనిషి పని మానుకుని కోర్టు చుట్టూ తిరుగుతుందా. అది సంఘం చెయ్యాలి.

అసలు మార్పు నేను అనుకోని చోట వచ్చింది. టీ ఇప్పించిన షాపు ఆయన సంక్రాంతి ముందు ఇంటికి వచ్చాడు, పండగ ఆర్డర్లకి రేకులు కావాలని, ఎప్పుడూ కుర్రాణ్ణి పంపేవాడు. అత్తయ్య ఇస్తాను గానీ బిల్లు మీద ఇస్తాను అంది. బిల్లు బుక్కు నేను కొట్టించి ఉంచా, పైన ఆమె పేరు, జీఐ ఆథరైజ్డ్ యూజర్ నంబరు. ఆయన కాసేపు గొణిగాడు, పండగ ముందు రేకులకి ఎంత గిరాకీయో ఆయనకీ తెలుసు, తీసుకెళ్ళాడు. ఆ కార్బన్ కాపీలన్నీ ఫైల్లో పెడుతున్నా.

ఇది చూసి మా వీధిలో రేకులు తీసే ఆడవాళ్ళు కొంతమంది వాళ్ళ కాగితాలు పట్టుకుని వస్తున్నారు. అందరికీ ఒకటే చెప్తున్నా, ముందు మీ డ్వాక్రా పుస్తకం తెచ్చుకోండి, పది రూపాయల ఫీజు, ఎవరికీ వేలకి వేలు ఇవ్వకండి. ఒకావిడ మాత్రం వాళ్ళాయన పేరు మీద వెయ్యమంది, ఆయనకి కుండ ఎక్కడ దొరుకుతుందో కూడా తెలీదు. ఆమె ఫారం ఇంకా నింపలేదు, వచ్చే వారం మళ్ళీ వస్తానంది, అత్తయ్యే మాట్లాడుతుందట ఆమెతో.